నేల దాచుకొన్న చరిత్ర

పాఠ్యభాగ ఉద్దేశం

చరిత్ర గ్రంథాలలోనే కాక మనం నిత్యం నడిచే నేల మీద కూడ నిలిచి ఉంటుందని, దానిని చదవడానికి కన్నులతో పాటు కాళ్ళు, చెవులు కూడ అవసరమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న ఒక వెదుకులాట క్రీడను రాజవొమ్మంగి పరిసరాల మన్యం చరిత్రకు అన్వయించి చెప్పిన ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠం

దాగుడుమూతలు ఆడని బాల్యం ఉండదు. ఒకరు దాగితే మరొకరు వెదకడం, దొరికినప్పుడు ఇద్దరూ నవ్వుకోవడం ఆ ఆటలోని ఆనందం. దానికి ఖర్చు లేదు, పరికరాలు లేవు. మనిషికి పుట్టుకతో వచ్చిన కుతూహలమే దానికి పెట్టుబడి. ఆ కుతూహలం పెద్దవారిలో కూడ చావదు. ఇరవై ఒకటవ శతాబ్ది ఆరంభంలో అది ఉపగ్రహాల సాయంతో ఒక కొత్త రూపం ధరించింది. దాని పేరు జియోక్యాషింగ్. ‘జియో’ అనగా భూమి, ‘క్యాష్’ అనగా దాచిన వస్తువు లేదా దాచిన చోటు. భూమి మీద ఎక్కడో ఒకచోట ఒక చిన్న పెట్టెను దాచి, ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించడం, ఆ అంకెలను పట్టుకొని ఇతరులు దానిని వెదకి కనుగొనడం ఈ క్రీడ స్వరూపం.

ఈ ఆటకు పూర్వరూపం లేకపోలేదు. ఇంగ్లండు దేశంలోని డార్ట్‌మూర్ అనే బీడు కొండలలో, క్రాన్మియర్ అనే మడుగు వద్ద, 1854లో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శకుడు ఒక సీసాను ఉంచాడు. అంత దూరం నడచి వచ్చినవారు తమ పేరుగల చీటీని అందులో వేసి వెళ్ళేవారు. తాను అక్కడికి వచ్చానని చెప్పుకోవడమే వారు పొందిన బహుమానం. ఆ సీసాయే కాలక్రమంలో పెట్టెగా, ఆ చీటీయే సంతకాల పుస్తకంగా మారాయి.

ఆకాశం నుండి దారి

భూగోళం చుట్టూ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు నిరంతరం తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహంలోను ఎంతో కచ్చితమైన పరమాణు గడియారం ఉంటుంది. అది తన వేళను, తన స్థానాన్ని సంకేతంగా పంపుతూ ఉంటుంది. కాంతి వేగంతో ప్రయాణించే ఆ సంకేతం నేలను చేరడానికి సెకనులో సుమారు పదిహేనవ వంతు కాలం పడుతుంది. మన చేతిలోని పరికరం ఆ కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కగట్టుతుంది. ఒక ఉపగ్రహం చెప్పిన దూరంతో స్థానం తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట కలిస్తేనే మనం నిలుచున్న చోటు తేలుతుంది. ఒక సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదన్న లోకనీతి ఇక్కడ కూడ వర్తిస్తుందన్నమాట.

తొలినాళ్ళలో అమెరికా ప్రభుత్వం సైనికావసరాల దృష్ట్యా, సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేది. అందువల్ల స్థానం వంద మీటర్ల వరకు అటూ ఇటూ అయ్యేది. ఆ తప్పును తొలగిస్తున్నట్లు 2000 మే 1న నాటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రకటించాడు. మరి రెండు రోజులకే, మే 3న, డేవ్ అల్మర్ అనే వ్యక్తి అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టులో కొన్ని వస్తువులను, ఒక పుస్తకాన్ని, పెన్సిలును ఉంచి, ఆ స్థలపు అంకెలను అంతర్జాలంలో ప్రకటించాడు. కొద్ది రోజులలోనే ఇద్దరు దానిని వెదకి పట్టుకొన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ క్రీడకు ప్రత్యేకమైన వెబ్‌సైటు వెలసింది. ఆ తరువాత ప్రపంచమంతటా దాచిన పెట్టెల సంఖ్య ముప్పై లక్షలు దాటింది.

భారతదేశం కూడ ఈ విద్యలో వెనుకబడలేదు. మన దేశపు దిక్సూచి ఉపగ్రహ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుండే ఆకాశానికి ఎగసింది.

అక్షాంశ రేఖాంశాలు పాఠశాలలో పటం మీద గీతలుగా మాత్రమే కనబడతాయి. ఈ ఆటలో అవి అడుగుల లెక్కగా మారతాయి. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. అందులో అరవయ్యో వంతు ఒక నిమిషం, అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. నిమిషంలో వెయ్యో వంతు రెండు మీటర్ల లోపు. కాగితం మీద చివరి అంకె తప్పితే నేల మీద కొద్ది అడుగుల తేడా, మొదటి అంకె తప్పితే వందల కిలోమీటర్ల తేడా. రాజవొమ్మంగి 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ, 82, 83 డిగ్రీల తూర్పు రేఖాంశాల నడుమ ఉన్నది. ఆ నాలుగు గీతల మధ్య గల నలుచదరంలో కొండలు, వాగులు, వందలాది పల్లెలు ఇమిడి ఉన్నాయి. వాటిలో ఏ చెట్టు క్రింద ఏ కథ ఉన్నదో చెప్పే శక్తి మాత్రం ఆ గీతలకు లేదు.

మూడు రోజులు – మూడు ఠాణాలు

రాజవొమ్మంగి తూర్పు కనుమలలోని ఒక మండల కేంద్రం. చిరకాలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు పేర కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ పేరుకు, ఆ ఊరికి గల బంధం నూరేళ్ళ నాటిది.

మన్యం ప్రజలకు అడవియే అన్నం పెట్టిన తల్లి. కొండవాలులో కొంత మేర చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లి పండించుకొనే పోడు వ్యవసాయం వారి జీవనాధారం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఆ హక్కుకు అడ్డు కట్టింది. అంతకు ముందే జీలుగు కల్లు మీద విధించిన పన్ను 1879లో రంప తిరుగుబాటుకు ఒక కారణమైంది. 1915–16లో రాజవొమ్మంగికి చేరువలోని లాగరాయిలో ఫితూరీ జరిగింది. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే తహసీలుదారు ఘాటు రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తరలించి, కూలి సరిగా చెల్లించక హింసించాడు. ఈ విధంగా పోగుపడిన ఆగ్రహానికి 1922లో నాయకత్వం లభించింది.

అల్లూరి సీతారామరాజు 1897 జులై 4న విశాఖ ప్రాంతంలోని పాండ్రంగిలో జన్మించాడు. మన్యానికి వచ్చి, కృష్ణదేవిపేట పరిసరాలలో నివసించి, గిరిజనుల కష్టసుఖాలలో పాలుపంచుకొన్నాడు. గాం గంటం దొర, గాం మల్లు దొర వంటి వీరులు ఆయనతో చేయి కలిపారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడులు జరిగాయి. మూడు దాడులలో 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు వారి వశమయ్యాయి. రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉన్న వీరయ్య దొర ఆ దాడిలో విడుదల పొందాడు. చింతపల్లిలో ఆయుధాలు దొరికితే, రాజవొమ్మంగిలో ఆయుధాలతో పాటు ఒక నాయకుడు కూడ దొరికాడు.

ఈ దాడులలో చరిత్రకారులను ఆకర్షించిన విశేషం ఒకటి ఉన్నది. తీసుకొన్న ఆయుధాల జాబితాను ఠాణా పుస్తకంలో వ్రాసి, సీతారామరాజు క్రింద సంతకం చేసి వెళ్ళేవాడు. దొంగ తన జాడ చెరిపివేస్తాడు. ధర్మం తన పక్షాన ఉన్నదని నమ్మినవాడు జాడను తానే వ్రాసి పెట్టుతాడు. వచ్చినవాడు పుస్తకంలో సంతకం చేసి వెళ్ళాలన్న నియమం నేటి వెదుకులాట క్రీడకు ప్రాణం. ఆ నియమాన్ని మన్యం ఎంతటి గంభీరమైన సందర్భంలో ఎరిగి ఉన్నదో విద్యార్థులు గమనించవలసి ఉన్నది.

పటం ఎవరి చేతిలో?

వెదుకులాటకు పటం కావాలి. మన దేశపు శాస్త్రీయమైన పటానికి 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని పరంగిమల వద్ద పునాది పడింది. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి సుమారు 12 కిలోమీటర్ల సరళరేఖను గొలుసుతో కొలిపించి, అక్కడి నుండి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుతూ దేశాన్ని కొలిచే బృహత్కార్యం ఆరంభించాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో అది గొప్ప ఘట్టం. అయితే ఆ పటం పాలకుల చేతిలో పన్ను వేయడానికి, రోడ్డు వేయడానికి, సైన్యాన్ని నడపడానికి కూడ ఉపయోగపడింది.

1922లో మన్యంలో ఎదురెదురుగా నిలిచినవి రెండు సైన్యాలు మాత్రమే కావు, రెండు రకాల పటాలు కూడ. ఒకటి కాగితం మీది పటం. రెండవది మనస్సులోని పటం. ఏ వాగును ఏ ఋతువులో దాటవచ్చునో, ఏ మలుపులో మనిషి అడుగు చప్పుడు ఎంత దూరం వినబడుతుందో కాగితపు పటంలో ఉండదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవార్డు, హైటరు అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు ప్రాణాలు కోల్పోవడానికి ఈ తేడాయే ఒక కారణం. రెండేళ్ళ పోరాటం తరువాత 1924 మే 7న మంప వద్ద పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. గంటం దొర ఆ తరువాతి నెలలో వీరమరణం పొందాడు. మల్లు దొర శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యం వచ్చిన పిదప 1952లో తొలి లోక్‌సభకు సభ్యుడుగా ఎన్నికయ్యాడు. కొండదారుల నుండి పార్లమెంటు వరకు నడచిన ఆయన ప్రయాణం ఒక జీవితకాలంలోనే పూర్తయింది.

ఆ మనస్సులోని పటం ఏమైంది? పోరాటాన్ని కన్నులారా చూసిన తరం వెళ్ళిపోయింది. చూసినవారి నోట విన్న తరం వెళ్ళిపోతున్నది. 1974లో విడుదలైన చలనచిత్రం వల్ల సీతారామరాజు పేరు ఇంటింటికి తెలుసు. కాని ఆయనకు దారి చూపినవారి పేర్లు, అన్నం పెట్టినవారి ఇళ్ళు, కబురు మోసినవారి బాటలు తెలిసినవారు తక్కువ. అవి ఏ పుస్తకంలోను లేకుండ పోతే మరల వెదకి పట్టుకోవడం ఏ ఉపగ్రహానికీ సాధ్యం కాదు. అందుచేత ఈ ఆటను వినోదంగా మాత్రమే కాక, ఒక తరం చేయవలసిన పనిగా భావించవలసి ఉన్నది.

ఒక తరగతి – ఒక రోజు

ఒక కళాశాల విద్యార్థుల బృందం రాజవొమ్మంగిలో ఈ ఆట ఆడ సంకల్పించినదని అనుకొందాం. ముందుగా అధ్యాపకుడు ఊరిలో ఐదారు చోట్లను గుర్తించి, వాటి అక్షాంశ రేఖాంశాలను వ్రాసుకొంటాడు. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క ప్రశ్న తయారుచేస్తాడు. ఆ ప్రశ్నకు సమాధానం గ్రంథాలయంలో దొరకరాదు, సెల్‌ఫోనులో దొరకరాదు. ఆ చోటికి నడచి వెళ్ళినవారికే దొరకాలి. ఒక చోట దొరికిన సమాధానం తరువాతి చోటికి తాళంచెవి కావాలి.

ఉదాహరణకు, “1922 ఆగస్టు 24న ఈ ఊరి ఠాణా నుండి విడుదలైన నాయకుని పేరులో ఎన్ని అక్షరాలున్నాయి?” అని మొదటి ప్రశ్న. వీ–ర–య్య–దొ–ర అని లెక్కిస్తే ఐదు. ఆ ఐదు తరువాతి స్థలపు రేఖాంశంలో ఖాళీగా ఉంచిన అంకె. ఠాణా ఉన్న తావు నుండి ఊరి నడిబొడ్డుకు, అక్కడి నుండి వాగు ఒడ్డుకు, అక్కడి నుండి సంతకు ఇలా అంకె వెంట అంకెగా బృందం నడుస్తుంది. మన్యంలో చాలచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. అయినా ఉపగ్రహ సంకేతాన్ని స్వీకరించడానికి సెల్‌ఫోను టవరు అక్కరలేదు. పటాన్ని ముందే దించుకొని ఉంచుకొంటే చాలు. దట్టమైన చెట్ల క్రింద, లోతైన లోయలలో మాత్రం ఆ సంకేతం తడబడుతుంది. అప్పుడు పరికరాన్ని జేబులో పెట్టి మనిషిని అడగాలి. ఆట అసలు రుచి అక్కడనే మొదలవుతుంది.

విద్యార్థులు పరికరం వంక చూస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే అరుగు మీది ముసలాయన ఊరకుండడు.

“ఏం సూత్తన్నారు బాబూ?” అంటాడు.

“పాత ఠాణా సంగతి తెలుసుకొందామని వచ్చామండి, తాతగారూ.”

“ఠాణా సూసి పోతే సగం కతే కదా. ఆళ్ళు ఏ దారంట వచ్చారో, ఏ దారంట పోయారో అడగరేం?”

ఆ ఒక్క ప్రశ్నతో విద్యార్థులు రాసుకొని వచ్చిన ప్రశ్నల కాగితం చిన్నబోతుంది. తాత చూపిన దారి వారి పటంలో లేదు. ఆయన దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడు. కూతవేటు అంటాడు, వాగు దాటి రెండు మలుపులు అంటాడు. బృందం ఆయనతో నడిచి, ఆ మలుపుల వద్ద నిలిచి, అక్కడి అంకెలను వ్రాసుకొంటుంది. ఉదయం పెట్టెను వెదకబోయిన బృందం సాయంత్రానికి ఒక బాటను వెదకి తెస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తాత చెప్పినదంతా జరిగినదే అయి ఉండాలని లేదు. నూరేళ్ళలో కథ నోట నోట పెరుగుతుంది. సీతారామరాజు దాడికి ముందు మిరపకాయ కట్టిన ఉత్తరం పంపేవాడని చెప్పుకొనే కథ ఇటువంటి జనశ్రుతులలో ఒకటి. విద్యార్థి తన పుస్తకంలో మూడు గడులు గీసుకోవాలి. పత్రాలలో ఉన్నది ఒక గడిలో, తాను కన్నులారా చూసినది రెండవ గడిలో, విన్నది మూడవ గడిలో వ్రాయాలి. విన్నదానిని అబద్ధమని త్రోసివేయరాదు, నిజమని ముద్ర వేయరాదు. ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు అన్నది వ్రాసి ఉంచితే తరువాతివారు సరిచూసుకొంటారు. ఉపగ్రహాల విషయంలో వలెనే చరిత్రలో కూడ నాలుగు సాక్ష్యాలు కలిసిన చోటనే సత్యం ఉంటుంది.

పెట్టె లేని ఆట

పరదేశంలో పుట్టిన ఆటను ఉన్నది ఉన్నట్లుగా మన్యానికి తేవడం వివేకం కాదు. ఏజెన్సీ ప్రాంతంలో దారి పక్కన ఎవరిదో తెలియని పెట్టె కనబడితే ప్రజలు భయపడతారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. అనుమానాస్పదమైన వస్తువును ముట్టుకోరాదని పోలీసులు హెచ్చరించే చోట పెట్టెలు దాచడం ఆట అనిపించుకోదు. పొదలలో, రాళ్ళ సందులలో చేయి పెట్టితే పాములు, తేళ్ళు ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బా అడవికి చెత్త. అందువల్ల మన్యానికి తగినది పెట్టె లేని పద్ధతి. అక్కడ దాచినది ప్రశ్న, దొరికేది సమాధానం, తెచ్చుకొనేది ఛాయాచిత్రం, వదిలివచ్చేది అడుగుజాడ. ఈ పద్ధతి ప్రపంచ క్రీడలో కూడ గుర్తింపు పొందినదే.

మరొక ప్రమాదం ఇంతకంటె పెద్దది. తెలుగునాట ‘నిధి’ అన్న మాట వినబడితే గునపం పట్టుకొనేవారు ఉన్నారు. గుప్తనిధుల ఆశతో పాడుబడిన గుళ్ళను, కోటలను, విగ్రహాల పీఠాలను తవ్వి ధ్వంసం చేసిన సంఘటనలు పత్రికలలో తరచుగా కనబడతాయి. ఆశపడినవారికి దొరికినది మట్టి, ఊరు పోగొట్టుకొన్నది చరిత్ర. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెప్పుతున్నది. ఈ క్రీడా నియమం అంతకంటె కఠినం. దేనినీ భూమిలో పాతరాదు, దేనికోసమూ భూమిని తవ్వరాదు. గునపం పట్టే చేయి ఈ ఆటకు పనికిరాదు.

మన్యం షెడ్యూల్డు ప్రాంతం. తమ సంప్రదాయాలను, సామూహిక వనరులను కాపాడుకొనే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. కనుక అంకెలను ప్రకటించే ముందు గ్రామసభ అనుమతి పొందడం మర్యాదే కాక ధర్మం కూడ. ఊరి దేవత కొలువున్న చెట్టును, పెద్దల సమాధులను, ఇతరులు అడుగు పెట్టరాదని ఊరివారు భావించే తావులను ఆటలో చేర్చరాదు. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్ళరాదు. వానకాలంలో పొంగే వాగుల జోలికి పోరాదు. ఊరివారు వద్దన్న చోటును పటంలో ఖాళీగా విడిచిపెట్టడం కూడ విద్యార్థి నేర్వవలసిన విద్యయే. బయటివారు వచ్చి తమ నేలను తమను అడగకుండ కొలిచి, గీత గీసి, కంచె వేసినందుకే కదా నూరేళ్ళ క్రితం ఆ కొండలు భగ్గుమన్నది! ఆ కథను తెలుసుకోవడానికి వెళ్ళేవారు ఆ తప్పునే మరల చేయరాదు.

రెండు సమాధుల నడుమ

ఈ దారి రాజవొమ్మంగితో ఆగదు. జనం నోట కె.డి.పేటగా మారిన కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉన్నది. గంటం దొర సమాధి కూడ అక్కడే ఉన్నది. దామనపల్లిలో మరణించిన ఆంగ్ల అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఒకరినొకరు తుపాకులతో ఎదిరించినవారు ఒక పూట ప్రయాణ దూరంలో, ఒకే నేలలో నిద్రిస్తున్నారు. రెండు చోట్లకు వెళ్ళి, రెండు చోట్లను చూసిన విద్యార్థికి కలిగే ఆలోచన పాఠ్యపుస్తకంలోని ఏ పేరా కలిగించలేదు. స్వదేశానికి దూరంగా ఉద్యోగధర్మంతో మరణించినవారు కొందరు. సొంత నేల కోసం మరణించినవారు మరికొందరు. సమాధి ఎవరిదైనా తల వంచవచ్చును. న్యాయం ఎవరిదో చెప్పడానికి మాత్రం వెనుదీయరాదు. చరిత్ర చదివినవానికి ఈ రెండూ తెలియాలి.

సమాధి కూడ లేనివారు ఇంకా ఉన్నారు. రోడ్డుకు రాళ్ళు మోసి కూలి అందనివారు, సైనికుల శిబిరాల నడుమ పంటలు పోగొట్టుకొన్నవారు, పేరు చెప్పనందుకు దెబ్బలు తిన్నవారు. వారికి శిలాఫలకం లేదు. లంబసింగి మీదుగా చింతపల్లికి బస్సులో వెళ్ళే యాత్రికుడు మంచును చూసి మురిసిపోతాడు. ఆ ఘాటు దారిలోని ఒక్కొక్క మలుపు వెనుక ఎవరి చెమట ఉన్నదో అతనికి గుర్తుచేసే అంకె ఒకటి ఉంటే, ఆ ఆటకు అంతకంటె సార్థకత లేదు.

2022లో మన్యం పోరాటానికి నూరేళ్ళు నిండాయి. ఆ సందర్భంలో పాండ్రంగిలోని జన్మస్థలాన్ని, చింతపల్లి ఠాణాను పునరుద్ధరించనున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. విగ్రహాలు వెలిశాయి, సభలు జరిగాయి. విగ్రహం ఊరికి ఒకటి చాలు. జ్ఞాపకం మాత్రం ఇంటికి ఒకటి కావాలి. దానిని ఇంటింటికి చేర్చగలవారు రాజవొమ్మంగి, జడ్డంగి, లాగరాయి వంటి ఊళ్ళలో చదువుకొంటున్న పిల్లలే. వారికి ఆ భాష తెలుసు, ఆ దారి తెలుసు, అరుగు మీది తాతను ఏమని పిలవాలో తెలుసు. నగరం నుండి వచ్చిన విద్యార్థికి వారే మార్గదర్శకులు కావాలి.

దాగుడుమూతల ఆటలో ఒక చిన్న విషాదం ఉన్నది. వెదికేవాడు విసిగి ఇంటికి వెళ్ళిపోతే, దాగినవాడు చీకటిపడేవరకు ఆ మూలనే ఒంటరిగా ఎదురుచూస్తాడు. మన ఊళ్ళలో చరిత్ర ఎన్నో మూలలలో ఆ విధంగానే కూర్చొని ఉన్నది. వెదకడానికి వెళ్ళవలసిన వంతు ఇప్పుడు విద్యార్థులది.

కఠిన పదాలకు అర్థాలు

కుతూహలం = తెలుసుకోవాలన్న ఆసక్తి
అక్షాంశం = భూమధ్యరేఖ నుండి ఉత్తర దక్షిణాలకు కొలిచే కోణం
రేఖాంశం = తూర్పు పడమరలకు కొలిచే కోణం
ఫితూరీ = తిరుగుబాటు
పోడు = అడవిని కొట్టి, కాల్చి చేసే కొండ వ్యవసాయం
ఠాణా = పోలీసు స్టేషను
కూతవేటు = కేక వినబడేంత దూరం
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
నిక్షేపం = భూమిలో దాచిన ధనం
సార్థకత = ప్రయోజనం నెరవేరడం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. 1922 నాటి మన్యం పోరాటంలో రాజవొమ్మంగికి గల స్థానాన్ని వివరించండి.
2. వెదుకులాట క్రీడను మన్యానికి తెచ్చేటప్పుడు పాటించవలసిన నియమాలను, వాటి కారణాలను చర్చించండి.

II. సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. కాగితం మీది పటానికి, మనస్సులోని పటానికి గల భేదమేమి?
2. విద్యార్థి తన పుస్తకంలో మూడు గడులు ఎందుకు గీసుకోవాలి?
3. “విగ్రహం ఊరికి ఒకటి చాలు. జ్ఞాపకం మాత్రం ఇంటికి ఒకటి కావాలి.” ఈ వాక్యాల అంతరార్థాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. రాజవొమ్మంగి ఠాణా నుండి విడుదలైన నాయకుడెవరు?
2. స్థానాన్ని నిర్ణయించడానికి కనీసం ఎన్ని ఉపగ్రహాల సంకేతం కావాలి?
3. మల్లు దొర ఏ సంవత్సరంలో లోక్‌సభకు ఎన్నికయ్యాడు?

IV. భాషాంశాలు
1. విడదీసి, సంధి పేరు వ్రాయండి: అక్షాంశం, రేఖాంశం, విద్యార్థి.
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: మూడు రోజులు, కష్టసుఖాలు.

V. ప్రాజెక్టు పని
మీ ఊరిలో చరిత్రగల ఒక చోటును ఎన్నుకొని, పెద్దల అనుమతితో దర్శించి, అక్కడికి వెళ్ళినవారు మాత్రమే సమాధానం చెప్పగల ప్రశ్నను ఒకటి తయారుచేయండి. ఆ చోటును గురించి పత్రాలలో ఉన్నది, మీరు చూసినది, మీరు విన్నది వేరువేరుగా వ్రాసి తరగతిలో చదివి వినిపించండి.